ఫోన్‌లో స్క్రీన్‌షాట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో ఎవరి ఫోన్‌లో ఏ సెట్టింగ్ కదిలినా నా దగ్గరికే వస్తుంది. ఆ ప్రశ్నల్లో సగం స్క్రీన్‌షాట్ చుట్టూనే తిరుగుతుంటాయి. ఎలా తీయాలి, ఎందుకు పడట్లేదు, తీసింది ఎటు పోయింది, ఎవరికైనా పంపితే ఫర్వాలేదా? తీయడం రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. తప్పులన్నీ తీశాక జరుగుతాయి. అందుకే ఇక్కడ ఆ భాగానికే ఎక్కువ చోటిచ్చాను. కంపెనీని బట్టి మెనూ పేర్లు కాస్త అటూ ఇటూ ఉంటాయి. చెప్పిన చోట కనబడకపోతే సెట్టింగ్స్ పైనున్న సెర్చ్‌లో స్క్రీన్‌షాట్ అని ఇంగ్లీషులో కొట్టి చూడండి.

అన్నిటికంటే మామూలు పద్ధతి ఏది?

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే పవర్ బటన్, సౌండ్ తగ్గించే బటన్ ఒకేసారి నొక్కి వదలాలి. ఐఫోన్‌లో ముందువైపు గుండ్రటి హోమ్ బటన్ లేకపోతే, కుడిపక్క బటన్, సౌండ్ పెంచే బటన్ కలిపి నొక్కాలి. హోమ్ బటన్ ఉన్న పాత ఐఫోన్ అయితే హోమ్ బటన్, పవర్ బటన్. హోమ్ బటన్ ఉన్న పాత సామ్‌సంగ్ ఫోన్లకీ ఇదే లెక్క.

ఒకదాంట్లో తగ్గించేది, ఇంకోదాంట్లో పెంచేది. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారినవాళ్లు మొదటి వారమంతా తడబడేది ఇక్కడే.

మొదటినుంచీ ఫోన్లలో ఈ సదుపాయం ఉందా?

లేదు. ఐఫోన్‌కి 2008లో రెండో వెర్షన్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. ఆండ్రాయిడ్‌లో అన్ని ఫోన్లకీ పనిచేసే బటన్ల పద్ధతి 2011లో ఆండ్రాయిడ్ 4.0తో మొదలైంది. అంతకుముందు చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో స్క్రీన్‌షాట్ కావాలంటే ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించడమో, రూట్ చేయడమో (కంపెనీ వేసిన తాళాలు తీసి ఫోన్‌ని పూర్తిగా మన అదుపులోకి తెచ్చుకోవడం) తప్పేది కాదు.

రెండూ నొక్కుతున్నా పడట్లేదు. ఒక్కోసారి స్క్రీన్ ఆఫ్ అవుతోంది, ఒక్కోసారి సౌండ్ తగ్గుతోంది. ఏం చేయాలి?

రెండు బటన్లూ ఒకే క్షణంలో పడట్లేదన్నమాట. పవర్ బటన్ ముందు తగిలితే స్క్రీన్ ఆరిపోతుంది, సౌండ్ బటన్ ముందు తగిలితే సౌండ్ పట్టీ పైకి వస్తుంది. ఫోన్ ఏది ముందు తగిలిందో దాని పని అది చేస్తుంది.

నేను నేర్పేది ఇలా. ఫోన్‌ని ఎడమచేతి అరచేతిలో పడుకోబెట్టండి. బటన్లు రెండూ కుడి అంచునే ఉంటే కుడిచేతి చూపుడువేలు ఒకదాని మీద, మధ్యవేలు ఇంకోదాని మీద ఊరికే ఆనించండి, నొక్కొద్దు. వేళ్లు సర్దుకున్నాక చిటికె వేసినంత సేపట్లో రెండూ కలిపి నొక్కి వదిలేయండి. బటన్లు చెరో పక్కా ఉంటే బొటనవేలు ఒకవైపు, చూపుడువేలు ఒకవైపు పెట్టి గిల్లినట్టు నొక్కాలి. నాలుగైదుసార్లు తప్పుతుంది. ఆ తర్వాత ఇక చేతికి అలవాటైపోతుంది.

ఆండ్రాయిడ్‌లో కొన్ని ఫోన్లకి అర సెకను పట్టి ఉంచితేనే పడుతుంది. అలాగని ఎక్కువసేపు పట్టుకోవద్దు. సామ్‌సంగ్‌లో ఏడు సెకన్లు దాటితే ఫోన్ రీస్టార్ట్ అయిపోతుంది. ఐఫోన్‌లో పట్టుకునే ఉంటే పవర్ ఆఫ్ స్క్రీన్ వస్తుంది. అప్పటికీ వదలకపోతే, సెట్టింగ్ ఆన్‌లో ఉన్నట్టయితే, పెద్దగా అలారం మోగుతూ అత్యవసర నంబర్‌కి కాల్ వెళ్లే కౌంట్‌డౌన్ మొదలవుతుంది. టెన్షన్ పడకండి, బటన్లు వదిలేసి క్యాన్సిల్ కొడితే సరి.

పవర్ బటన్ పాడైపోయింది. బటన్లు నొక్కకుండా తీయొచ్చా?

తీయొచ్చు, చాలా దారులున్నాయి. ఆండ్రాయిడ్‌లో పైనుంచి నోటిఫికేషన్ల తెర రెండుసార్లు కిందికి లాగితే వైఫై, టార్చ్ లాంటి గుర్తుల గుంపు వస్తుంది. చాలా కంపెనీల ఫోన్లలో అందులోనే స్క్రీన్‌షాట్ గుర్తు కూడా ఉంటుంది. కనబడకపోతే పెన్సిల్ గుర్తు నొక్కి, దాగి ఉన్న గుర్తుల్లోంచి పైకి లాక్కోవచ్చు. గూగుల్ పిక్సెల్‌తోపాటు ఇంకొన్ని ఫోన్లలో ఈమధ్య వాడిన యాప్‌లన్నీ పేకముక్కల్లా కనబడే స్క్రీన్ తెరిస్తే, కిందనే స్క్రీన్‌షాట్ బటన్ ఉంటుంది.

అదీ లేకపోతే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి యాక్సెసిబిలిటీ మెనూ ఆన్ చేయండి. స్క్రీన్ అంచున ఒక చిన్న గుర్తు వచ్చి కూర్చుంటుంది. దాన్ని నొక్కితే పెద్ద పెద్ద బొమ్మలతో మెనూ తెరుచుకుంటుంది, అందులో స్క్రీన్‌షాట్ ఉంటుంది. ఐఫోన్‌లో ఇదే పని అసిస్టివ్ టచ్ చేస్తుంది: సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, టచ్, అసిస్టివ్ టచ్. తేలుతూ ఉండే ఆ గుండ్రటి చుక్కకి డబుల్ ట్యాప్ చేస్తే స్క్రీన్‌షాట్ పడేలా కూడా పెట్టుకోవచ్చు. వేళ్లలో పట్టు తగ్గినవాళ్లకి బటన్లు బాగానే ఉన్నా ఈ పద్ధతే నయం.

మూడు వేళ్లతో, అరచేతితో తీస్తారట, నిజమేనా?

నిజమే. షావోమి, రియల్‌మీ, ఒప్పో, వన్‌ప్లస్ ఫోన్లలో మూడు వేళ్లు స్క్రీన్ మీద పెట్టి కిందికి జరిపితే పడుతుంది. మోటరోలాలో జరపక్కర్లేదు, మూడు వేళ్లూ కాసేపు ఆనించి ఉంచితే చాలు. సామ్‌సంగ్‌లో అరచేతిని నిలువుగా, నమస్కారంలో సగంలా పెట్టి, చిటికెనవేలి వైపు అంచుతో స్క్రీన్ మీద ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తుడవాలి. పలక తుడిచినట్టు. చెయ్యి గ్లాస్‌కి తగులుతూ ఉండాలి, గాల్లో ఊపితే పడదు. సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ ఫీచర్స్‌లో పామ్ స్వైప్ అని ఉంటుంది, ఆన్ చేసి ఉందో లేదో చూసుకోండి.

నా ఓటు మూడు వేళ్ల పద్ధతికే. ఒక్క ఇబ్బంది ఏంటంటే, ఫోన్‌లో గేమ్స్ ఆడేవాళ్లకి మంచి జోరులో ఉండగా స్క్రీన్‌షాట్ పడిపోతుంది. అలాంటివాళ్లు ఆపేసుకోవడమే మేలు.

ఫోన్ వెనక తడితే కూడా పడుతుందా?

ఐఫోన్ 8, ఆ తర్వాత వచ్చిన మోడళ్లలో పడుతుంది. 2020లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14తో బ్యాక్ ట్యాప్ అని తెచ్చారు. యాక్సెసిబిలిటీలో టచ్‌లోకి వెళ్తే అట్టడుగున ఉంటుంది. రెండు తట్లకో మూడు తట్లకో స్క్రీన్‌షాట్ పెట్టుకోవచ్చు. పిక్సెల్ ఫోన్లలో ఆండ్రాయిడ్ 12 నుంచి క్విక్ ట్యాప్ అని ఇలాంటిదే ఉంది. ఐఫోన్‌లో పెట్టుకుంటే మూడు తట్లకి పెట్టుకోండి. రెండు తట్లకి పెడితే ఫోన్ బల్ల మీద పెట్టినప్పుడల్లా ఒకటి పడుతుంది. నెల తిరిగేసరికి గ్యాలరీలో హోమ్ స్క్రీన్ ఫోటోలు ఒక వంద పోగవుతాయి. అనుభవంతో చెబుతున్నాను.

నోటితో చెప్పి తీయించవచ్చా?

ఆండ్రాయిడ్‌లో గూగుల్ అసిస్టెంట్‌ని పిలిచి "టేక్ ఎ స్క్రీన్‌షాట్" అంటే తీస్తుంది. ఐఫోన్‌లో వాయిస్ కంట్రోల్ ఆన్ చేస్తే "టేక్ స్క్రీన్‌షాట్" అన్న మాట వింటుంది. చేతులు ఖాళీ లేనప్పుడు పనికొస్తుంది గానీ, రోజూ వాడేంత గొప్పగా ఏమీ ఉండదు.

పేజీ పొడుగ్గా ఉంది. పైనుంచి కింది దాకా ఒకే స్క్రీన్‌షాట్‌లో వస్తుందా?

వస్తుంది. ముందు మామూలుగా స్క్రీన్‌షాట్ తీయండి. కింద చిన్న బొమ్మ, దాని పక్కన కొన్ని గుర్తులు నాలుగైదు సెకన్లు కనబడతాయి. అందులో "క్యాప్చర్ మోర్" అనో, "స్క్రోల్" అనో, కిందికి చూపించే జంట బాణాలో ఉంటాయి. అది నొక్కితే పేజీ దానంతటదే కిందికి జరుగుతూ అతుక్కుపోతుంది. కావలసినంత వచ్చాక ఆపేయొచ్చు. సామ్‌సంగ్, షావోమి లాంటి కంపెనీలు దీన్ని ఏనాడో ఇచ్చేశాయి. ఆండ్రాయిడ్‌లోనే అందరికీ వచ్చింది మాత్రం 2021లో, 12వ వెర్షన్‌తో. ఆ గుర్తు అసలు కనబడకపోతే ఆ పేజీ కిందికి జరిగే రకం కాదనో, ఆ యాప్‌లో ఇది కుదరదనో అర్థం.

అతుకుల దగ్గర ఒక్కోసారి తేడా వస్తుంది. పేజీ పైన కదలకుండా ఉండే పట్టీ ఏదైనా ఉంటే అదే మళ్లీ మళ్లీ పడుతుంది, లేదా ఒక లైన్ ఎగిరిపోతుంది. లెక్కల పట్టిక లాంటిది తీసినప్పుడు పంపేముందు ఒకసారి పైనుంచి కిందిదాకా చదువుకోండి.

ఐఫోన్‌లో కథ వేరు. సఫారీలో స్క్రీన్‌షాట్ తీసి ఆ చిన్న బొమ్మ నొక్కితే పైన "ఫుల్ పేజ్" అని వస్తుంది. 2019 నుంచి మొత్తం పేజీ పీడీఎఫ్‌గా సేవ్ అవుతోంది. 2023లో ఐఓఎస్ 17 వచ్చాక ఫోటోగా కూడా దాచుకోవచ్చు. వాట్సాప్ చాట్ ఇలా తీద్దామంటే మాత్రం ఐఫోన్‌లో కుదరదు, ముక్కలు ముక్కలుగా తీసుకోవాల్సిందే.

స్క్రీన్ అంతా వద్దు, ఒక ముక్క చాలు. ఎలా?

మొత్తం తీసి కత్తిరించుకోవడమే అందరికీ పనిచేసే దారి. తీయగానే వచ్చే చిన్న బొమ్మ నొక్కితే అంచులు లోపలికి లాగే వీలుంటుంది. సామ్‌సంగ్‌లో స్క్రీన్ అంచునుంచి లాగే ఎడ్జ్ ప్యానెల్‌లోని స్మార్ట్ సెలెక్ట్‌తో ముందే గీత గీసుకుని ఆ ముక్కే తీయొచ్చు.

తీశాను, కానీ ఎక్కడికి పోయిందో కనబడట్లేదు.

ఐఫోన్‌లో ఫోటోస్ యాప్‌లో స్క్రీన్‌షాట్స్ అని విడిగా ఆల్బమ్ ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో కొన్ని ఫోన్లు పిక్చర్స్ ఫోల్డర్ లోపల, కొన్ని కెమెరా ఫోటోలుండే డీసీఐఎమ్ ఫోల్డర్ లోపల స్క్రీన్‌షాట్స్ అనే ఫోల్డర్‌లో పెడతాయి. గూగుల్ ఫోటోస్ వాడేవాళ్లు ముందు పేజీలో వెతుక్కుంటూ ఉంటారు. అక్కడ కాదు, కలెక్షన్స్‌లోకి వెళ్లి ఫోన్‌లోని ఫోల్డర్లు చూడాలి. ఇంకో సంగతి. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ ఆన్ చేశాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు. కెమెరా ఫోటోలు వెళ్తాయి గానీ, స్క్రీన్‌షాట్ల ఫోల్డర్‌కి విడిగా బ్యాకప్ ఆన్ చేయకపోతే అవి ఫోన్‌లోనే ఉండిపోతాయి. ఫోన్ పోతే వాటితోపాటే పోతాయి.

కొన్ని యాప్‌లలో తీయనివ్వట్లేదు, లేదా నల్లగా వస్తోంది. ఫోన్ పాడైందా?

ఫోన్‌కి ఏం కాలేదు. ఆ యాప్ తయారుచేసినవాళ్లే వద్దన్నారు. ఆండ్రాయిడ్‌లో ఏ యాప్ అయినా తన స్క్రీన్‌ని "ఇది భద్రం" అని గుర్తు పెట్టుకోవచ్చు. అప్పుడు ఫోన్ ఆ స్క్రీన్‌ని ఎవరికీ ఫోటోగా ఇవ్వదు, స్క్రీన్ రికార్డింగ్‌లో కూడా నల్లగానే పడుతుంది. బ్యాంకుల యాప్‌లు చాలావరకు ఇలాగే ఉంటాయి. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో ట్యాబ్ (హిస్టరీ దాచుకోనిది) కూడా ఆండ్రాయిడ్‌లో అంతే. సినిమాల యాప్‌లలో నల్లగా రావడానికి కారణం వేరు, అది కాపీ అడ్డుకునే తాళం. ఐఫోన్‌లో యాప్‌లకి నేరుగా ఇంత అధికారం లేదు, మామూలుగా స్క్రీన్‌షాట్ పడుతుంది, కానీ తాళం వేసిన వీడియో ఉన్న చోట నలుపే మిగులుతుంది. ఆఫీసువాళ్లు ఇచ్చిన ఫోన్ అయితే వాళ్లే ఆపి ఉండొచ్చు.

దీన్ని తప్పించుకునే యాప్‌లు అంటూ కొన్ని తిరుగుతుంటాయి. వాటి జోలికి పోవద్దు. బ్యాంకు స్క్రీన్‌ని చూడగలిగే యాప్‌ని మన చేత్తో మనమే ఫోన్‌లో పెట్టుకోవడం దేనికి? రసీదు కావాలంటే ఆ యాప్‌లోనే షేర్ అనో డౌన్‌లోడ్ అనో ఉంటుంది, అది వాడండి.

యాప్ అడ్డుకోకపోయినా "సేవ్ చేయలేకపోయాం" అని వస్తుంటే ఫోన్‌లో ఖాళీ ఉందో లేదో చూడండి.

నేను స్క్రీన్‌షాట్ తీసినట్టు అవతలివాళ్లకి తెలుస్తుందా?

అందరూ గుసగుసగా అడిగే ప్రశ్న ఇది. మామూలు వాట్సాప్ చాట్, స్టేటస్ తీస్తే తెలియదు. ఒక్కసారే చూడగలిగే ఫోటోలని అయితే వాట్సాప్ 2022 నుంచి అసలు తీయనివ్వట్లేదు. స్నాప్‌చాట్ మాత్రం వెంటనే చెప్పేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టులకీ స్టోరీలకీ చెప్పదు, మెసేజ్‌లో వచ్చి మాయమైపోయే ఫోటో తీస్తే చెబుతుంది. టెలిగ్రామ్ సీక్రెట్ చాట్ ఆండ్రాయిడ్‌లో తీయనివ్వదు.

యాప్‌కి ఎలా తెలుస్తుందంటే, ఐఫోన్ 2013 నుంచీ "ఇప్పుడే స్క్రీన్‌షాట్ పడింది" అని ఆ క్షణంలో తెరిచి ఉన్న యాప్‌కి కబురు పంపుతుంది. ఆండ్రాయిడ్‌లో ఇలాంటి ఏర్పాటు 2023లో 14వ వెర్షన్‌తో వచ్చింది. కబురు అందుకున్న యాప్ దాన్ని అవతలివాళ్లకి చేరవేస్తుందా లేదా అన్నది ఆ యాప్ ఇష్టం. ఈరోజు చెప్పనిది రేపు చెప్పొచ్చు. కాబట్టి తెలిస్తే గొడవవుతుందనుకున్నది తీయకపోవడమే తేలిక.

అకౌంట్ నంబర్ మీద నల్లగా గీసి పంపాను. చాలదా?

దేనితో గీశారన్నదాని మీద ఉంటుంది. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు.

ఎడిట్‌లోకి వెళ్లగానే మూడు నాలుగు పెన్నులు కనబడతాయి. వాటిలో వెడల్పుగా ఉన్నది హైలైటర్. దాంతో నలుపు రంగు ఎంచుకుని అంకెల మీద రెండు మూడుసార్లు గీస్తే మన కంటికి పూర్తిగా నల్లగానే కనబడుతుంది. కానీ హైలైటర్ రంగు పల్చన. ఆ ఫోటోని ఎవరైనా ఎడిటర్‌లో తెరిచి వెలుతురు, షాడోస్ అన్నీ చివరి దాకా పెంచితే నలుపు బూడిద రంగులోకి దిగి, వెనక అంకెలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. నమ్మకం కుదరకపోతే మీ స్క్రీన్‌షాట్ మీదే చేసి చూడండి, రెండు నిమిషాల పని. బ్లర్ చేయడం, గళ్లు గళ్లుగా మార్చడం కూడా అంకెల విషయంలో గట్టివి కావు, పది అంకెల్లో ఏదో ఒకటే కదా, ఊహించేయొచ్చు.

కాబట్టి ఆకారాల్లోంచి నిండు రంగు డబ్బా తెచ్చి దాని మీద పరచండి. లేదా ఆ భాగం కత్తిరించేయండి. డబ్బా పెట్టి సేవ్ చేశాక, ఆ ఫోటోని ఫుల్ స్క్రీన్‌లో తెరిచి దానికే మళ్లీ ఒక స్క్రీన్‌షాట్ తీసి, ఆ రెండోది పంపండి. అందులో కనబడే చుక్కలు తప్ప వెనక ఇంకేమీ ఉండదు.

ఈ రెండో స్క్రీన్‌షాట్ చాదస్తం అనిపిస్తే ఒక సంగతి వినండి. 2023 మార్చిలో పిక్సెల్ ఫోన్లలోని మార్కప్ అనే ఎడిటర్‌లో ఒక లోపం బయటపడింది. ఏక్రోపలిప్స్ అని పేరు పెట్టారు. స్క్రీన్‌షాట్‌ని కత్తిరించి సేవ్ చేస్తే, కొత్త చిన్న ఫోటోని పాత ఫైల్ మీదే రాసేది గానీ, మిగిలిన పాత తోకని కోసేది కాదు. ఆ తోకలోంచి, కత్తిరించి పారేశాం అనుకున్న భాగాన్ని కొంతమేర వెనక్కి తెప్పించగలిగారు. దాదాపు అయిదేళ్లు అది అలాగే ఉంది. అదే నెల అప్‌డేట్‌తో సరిచేశారు, కానీ అప్పటికే పంపేసిన ఫోటోల్ని సరిచేసే మార్గం లేదు. విండోస్ 11 కంప్యూటర్లలో స్నిప్పింగ్ టూల్‌కీ ఇలాంటి జబ్బే ఉన్నట్టు ఆ వారంలోనే తేలింది.

పంపేముందు ఇంకేం చూసుకోవాలి?

పైన ఉండే సన్నటి పట్టీ. అందరం మధ్యలో ఉన్నదే చూస్తాం, పైన టైమ్, బ్యాటరీ, వచ్చిన నోటిఫికేషన్ల గుర్తులు అన్నీ పడతాయి. "జ్వరం, పడుకున్నాను" అని పొద్దున మెసేజ్ పెట్టి, మధ్యాహ్నం పంపిన స్క్రీన్‌షాట్‌లో క్యాబ్ యాప్ గుర్తుతో దొరికిపోయినవాణ్ణి నాకు బాగా తెలుసు. ఎవరో అడగొద్దు.

బ్రౌజర్ అయితే పక్క ట్యాబ్‌ల పేర్లు, సెర్చ్ పెట్టెలో సగం కొట్టిన మాట. చాట్ అయితే అవతలివాళ్ల ఫోటో, నంబర్. కీబోర్డ్ తెరిచి ఉంటే దాని పైన వచ్చే సూచనల మాటలు కూడా. తీసేముందు డు నాట్ డిస్టర్బ్ ఆన్ చేస్తే కనీసం పైనుంచి మెసేజ్‌లు ఊడిపడవు.

ఫైల్ పేరు సంగతి చాలామందికి తెలియదు. ఆండ్రాయిడ్‌లో ఫైల్ పేరులోనే తేదీ, టైమ్ సెకన్లతో సహా ఉంటాయి. సామ్‌సంగ్, షావోమి ఫోన్లలో ఏ యాప్‌లో తీశారో ఆ యాప్ పేరు కూడా చివర చేరుతుంది. ఫోటోగా పంపితే వాట్సాప్ ఆ పేరు మార్చేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ వచ్చింది. నమ్మొచ్చా?

నమ్మొద్దు. అది ఒక బొమ్మ, అంతే. పేరు, మొత్తం, తేదీ మార్చడం అయిదు నిమిషాల పని. అచ్చం అలాంటి స్క్రీన్ చూపించే దొంగ యాప్‌లూ ఉన్నాయి. మీ అకౌంట్ మీరు తెరిచి, డబ్బు పడిందో లేదో చూసుకోండి. అవతలివాళ్లు తొందరపెట్టేకొద్దీ ఇంకాస్త నెమ్మదిగా చూసుకోండి.

పాస్‌వర్డ్‌లు స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటాను. తప్పా?

తప్పే. గ్యాలరీ చూసే అనుమతి మనం ఎన్ని యాప్‌లకి ఇచ్చి ఉంటామో ఒకసారి లెక్కపెట్టుకోండి. 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ సంస్థ స్పార్క్‌క్యాట్ అనే మాల్వేర్ (హాని చేసే దొంగ ప్రోగ్రామ్) గురించి బయటపెట్టింది. అది గ్యాలరీలోని ఫోటోల్లో అక్షరాలు చదివి, క్రిప్టో వాలెట్ల రికవరీ పదాలు (వాలెట్‌ని మళ్లీ తెరిచే తాళంచెవి లాంటివి) ఉన్న స్క్రీన్‌షాట్ల కోసం వెతికేది. గూగుల్ ప్లే, ఆపిల్ యాప్ స్టోర్ రెండింటిలోనూ ఉన్న యాప్‌లలో అది దొరికింది. పాస్‌వర్డ్‌లకి వాటిని తాళం వేసి దాచే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ ఉంది. ఓటీపీలు, కార్డు వెనక మూడంకెలు అసలు తీయొద్దు, "స్క్రీన్‌షాట్ పంపండి, మేం చూస్తాం" అని ఫోన్‌లో అడిగేవాళ్లకి అసలే పంపొద్దు.

నా ఫోన్‌లో స్పష్టంగా ఉంది, అవతల మసకగా కనబడుతోందట. ఎందుకు?

మెసేజ్ యాప్‌లు ఫోటోని నలిపి చిన్నది చేసి పంపుతాయి. మనుషుల ఫోటోలో ఆ తేడా తెలియదు, చిన్న అక్షరాలున్న స్క్రీన్‌షాట్‌లో అంచులన్నీ అలుక్కుపోతాయి. వాట్సాప్‌లో పంపేముందు పైనున్న హెచ్‌డీ నొక్కండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి. కత్తిరించి పంపితే ఇంకా మంచిది.

నా స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత ఉంది. చూపిద్దామని స్క్రీన్‌షాట్ తీస్తే అందులో లేదేంటి?

స్క్రీన్‌షాట్ గ్లాస్‌ని ఫోటో తీయదు. స్క్రీన్ మీద చూపించడానికి ఫోన్ లోపల తయారుచేసుకున్న బొమ్మని నకలు తీస్తుంది. పగులు, గీత, చచ్చిన చుక్కలు, తగ్గించి పెట్టుకున్న వెలుతురు ఇవేవీ ఆ నకలులోకి రావు. రాత్రిపూట పసుపుగా మారే నైట్ షిఫ్ట్ రంగు కూడా రాదు.

దీన్నే పరీక్షగా వాడుకోవచ్చు. గీత స్క్రీన్‌షాట్‌లో కూడా పడి, వేరే ఫోన్‌లో చూసినా కనబడుతుంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది, అప్‌డేట్‌తోనో రీసెట్‌తోనో పోవచ్చు. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంటే డిస్‌ప్లే పోయినట్టే, ఇక రీసెట్లు చేసి డేటా పోగొట్టుకోకండి. రిపేర్‌వాళ్లకి చూపించాలంటే ఇంకో ఫోన్‌తో ఫోటో తీయాల్సిందే.

స్క్రీన్‌షాట్‌లో ఉన్న అక్షరాలు కాపీ చేసుకోవచ్చా?

గూగుల్ ఫోటోస్‌లో ఆ స్క్రీన్‌షాట్ తెరిచి లెన్స్ నొక్కండి. తెలుగు అక్షరాలు కూడా చదువుతుంది, ఒత్తుల దగ్గర అప్పుడప్పుడు తడబడుతుంది, సరిచూసుకోవాలి. ఐఫోన్‌లో లైవ్ టెక్స్ట్ ఇంగ్లీషుకి చక్కగా పనిచేస్తుంది, తెలుగు కోసం ఐఫోన్‌లోనూ గూగుల్ యాప్‌నే వాడండి.

వేల స్క్రీన్‌షాట్లు పేరుకుపోయాయి. ఎలా వదిలించుకోవాలి?

ఒక్కరోజులో కూర్చుని తీసేద్దామంటే ఎప్పటికీ కాదు. సగం చూసేసరికి పాత చాట్‌లు చదువుతూ కూర్చుంటాం. తీసినప్పుడే తేల్చేయడం మంచిది. ఐఫోన్‌లో ఐఓఎస్ 16 నుంచి చిన్న బొమ్మ నొక్కి డన్ కొట్టగానే "కాపీ అండ్ డిలీట్" అని వస్తుంది. కాపీ అవుతుంది, గ్యాలరీలో ఉండదు, చాట్‌లో పేస్ట్ చేసుకుంటే పనైపోతుంది. ఒకరికి పంపి మర్చిపోయే స్క్రీన్‌షాట్లకి ఇంతకంటే మంచి దారి లేదు. తీసేసినవి కూడా వెంటనే పోవు. ఐఫోన్‌లో 30 రోజులు, గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినవైతే 60 రోజులు చెత్తబుట్టలో ఉంటాయి. తొందరపడి తీసేసినా టెన్షన్ లేదు, రహస్యమైనదైతే మాత్రం బుట్ట కూడా ఖాళీ చేయండి.

స్క్రీన్ రికార్డింగ్ ఎప్పుడు వాడాలి?

తప్పు ఒక్క క్షణం కనబడి మాయమవుతుంటే. ఐఫోన్‌లో 2017 నుంచి, ఆండ్రాయిడ్‌లో 11వ వెర్షన్ నుంచి విడిగా యాప్ అక్కర్లేకుండా ఉంది. మైక్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి, ఇంట్లో మాటలన్నీ అందులోకి వెళ్లిపోతాయి.

పెద్దవాళ్లకి స్క్రీన్‌షాట్ పంపి నేర్పిద్దామంటే అర్థం కావట్లేదు. ఏం చేయాలి?

మా పిన్నికి ఒకసారి యాప్ అప్‌డేట్ చేయడం చెప్పాలి. స్క్రీన్‌షాట్ తీసి, అప్‌డేట్ బటన్ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి పంపాను. "నొక్కు పిన్నీ" అన్నాను. కాసేపాగి ఫోన్ చేసింది. "నొక్కుతూనే ఉన్నాను రా, ఏం అవ్వట్లేదు. గట్టిగా నొక్కినా అవ్వట్లేదు." నాకు పావుగంట పట్టింది అర్థం కావడానికి. ఆవిడ నేను పంపిన ఫోటోని పెద్దది చేసుకుని, అందులోని బటన్‌నే నొక్కుతోంది. తప్పు ఆవిడది కాదు. ఫుల్ స్క్రీన్‌లో తెరిస్తే అది అచ్చం యాప్‌లాగే ఉంటుంది మరి.

అప్పట్నుంచి మొత్తం స్క్రీన్ పంపడం మానేశాను. ఆ బటన్ ఉన్న చిన్న ముక్క కత్తిరించి, దాని మీద అడ్డంగా "ఇది ఫోటో" అని పెద్ద అక్షరాలతో రాసి పంపుతున్నాను. ఒక ఫోటోలో ఒక్క పనే. రెండో మెట్టు ఫోటో, మొదటిది అయిందని ఫోన్ వచ్చాకే. మొన్న పిన్నే నాకు ఒక స్క్రీన్‌షాట్ పంపింది, మూడు వేళ్లతో తీసిందట. దాని మీద "ఇది ఫోటో, నొక్కకు" అని రాసి ఉంది.